పొడగరి కుర్రాణ్ణి అంచనా కట్టడం: నాలుగో పాఠం – బంతి రాకముందు కాళ్లు

బాస్కెట్‌బాల్‌లో పొడగరి కుర్రాడు ఎంతవాడవుతాడో ఆట చూసి అంచనా కట్టడం ఈ పాఠాల పని. కిందటి పాఠంతో కొలతలు అయిపోయాయి: ఎత్తు, చేతుల చాపు, నిలబడి అందుకోగల ఎత్తు. ఇంటిపని కూడా ఇచ్చాను. ఇరవై మూడేళ్లలోపు సెంటర్‌ని (రింగు దగ్గర ఆడే పొడగరిని) ఒకణ్ణి ఎంచుకుని, ఒక క్వార్టరంతా (మ్యాచ్‌లో నాలుగో వంతు) బంతిని వదిలేసి అతన్నే చూడమన్నాను. చూసినవాళ్లు దాదాపు అందరూ ఒకటే మాట అన్నారు, కన్ను ఆగట్లేదండీ, బంతి వెనకే పోతోంది అని.

పోతుంది మరి. కెమెరా పట్టుకున్నవాడు కూడా బంతినే చూపిస్తాడు కదా. దీనికో చిట్కా ఉంది. గార్డు (బంతి నడిపించే ఆటగాడు) బంతి కొట్టుకుంటూ సగం గీత దాటగానే మీ చూపు మన పొడగరి నడుం మీద పెట్టండి. ముఖం మీద వద్దు, చేతుల మీద అసలే వద్దు. నడుం ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు, మిగతావన్నీ మోసం చేస్తాయి. షాట్ పడిందా లేదా అన్నది స్కోరు చెప్పేస్తుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. శీతాకాలంలో అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడున్నర ఆట మనకి పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది. ఆఫీసు బస్సు అందుకునేలోపు రెండు క్వార్టర్లు చూడొచ్చు. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగి గాజువాక వచ్చేవాళ్లకైతే ఇల్లు చేరేసరికి టీవీలో ఆట మంచి రసపట్టులో ఉంటుంది.

ఈ పాఠం మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ నడుస్తుంది: డిఫెన్స్‌లో, బంతి తన దాకా రాకముందు ఈ కుర్రాడు ఏం చేస్తున్నాడు? పాయింట్లతో ఎందుకు మొదలుపెట్టలేదంటే, కుర్ర సెంటర్ పాయింట్లలో సగం పక్కవాడు పెట్టిన భిక్ష. మంచి గార్డు లాబ్ (రింగు పక్కకి గాల్లోకి ఎత్తి వేసే పాస్) వేస్తే డంక్ కొట్టడానికి, అంటే ఎగిరి బంతిని రింగులోకి దింపడానికి, ఎత్తుంటే చాలు. డిఫెన్స్‌లో అలా పెట్టేవాడు ఉండడు.

ఒకే జట్టు, ఇద్దరు సెంటర్లు

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో, 2020 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) గోల్డెన్ స్టేట్ వారియర్స్ రెండో ఎంపికగా జేమ్స్ వైజ్‌మన్‌ని తీసుకుంది. ఏడడుగుల మనిషి. పరిగెత్తగలడు, ఎగరగలడు, చూడగానే కళ్లు చెదిరే ఆకారం. కాలేజీలో మెంఫిస్ తరఫున ఆడింది మూడే మూడు మ్యాచులు. అప్పటికే అదే జట్టులో కెవాన్ లూనీ ఉన్నాడు. 2015లో ముప్పయ్యో ఎంపిక, ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, లీగ్‌లోకి వచ్చిన కొత్తలోనే రెండు తుంట్లకీ ఆపరేషన్. పెద్దగా ఎగరడు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు కావాలంటే, దారినపోయే ఎవరైనా వైజ్‌మన్ వైపే వేలు చూపిస్తారు.

జరిగింది వేరు. 2021–22 సీజన్‌లో లూనీ 82 మ్యాచులూ ఆడాడు. ఆ మే నెలలో ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం జరిగే ఆఖరి పోటీల్లో) ఎన్‌బీఏ జట్టు మెంఫిస్ గ్రిజ్లీస్‌తో ఆరో మ్యాచ్‌లో 22 రీబౌండ్లు (పడని షాట్ల బంతులు) తీశాడు, ఆ ఏడాది టైటిల్ వాళ్లదే. మోకాలి గాయంతో వైజ్‌మన్ ఆ సీజన్ మొత్తం ఆడలేదు. 2023 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కి పంపించేశారు. న్యాయంగా చెప్పాలంటే, మూడు కాలేజీ మ్యాచుల అనుభవంతో వచ్చి, ఒక ఏడాది పోగొట్టుకుని, టైటిల్ కోసం పోరాడే జట్టులో పడ్డవాడికి నేర్చుకునే వ్యవధి ఏది? అయినా అతను ఆడిన నిమిషాలు చూస్తే తేడా దాగేది కాదు. స్క్రీన్ (బంతి ఉన్నవాణ్ణి కాసేవాడికి ఎదుటి ఆటగాడు అడ్డం నిలబడడం) పడ్డప్పుడు వైజ్‌మన్ ఎటు పోవాలో ఆలోచిస్తూ కనిపించేవాడు. లూనీ అప్పటికే అక్కడ ఉండేవాడు.

ఆ ‘అక్కడ’ ఎక్కడ?

స్క్రీన్ పెట్టి వెంటనే రింగు వైపు దిగే ఎత్తుగడని పిక్ అండ్ రోల్ అంటారు, ఒక్కదాన్ని నెమ్మదిగా చూద్దాం. మీ దగ్గర రికార్డింగ్ ఉంటే స్క్రీన్ పడ్డ చోట ఆపండి.

ఎదుటి గార్డు పక్క నుంచి మధ్యలోకి వస్తున్నాడు. వాళ్ల సెంటర్ పైకొచ్చి మన గార్డుకి అడ్డం నిలబడ్డాడు. మన గార్డు ఆ గోడ చుట్టూ తిరిగి మళ్లీ తన మనిషిని అందుకోవడానికి సెకనో, సెకనున్నరో పడుతుంది. ఆ కాస్త సేపూ మన పొడగరి ఒక్కడు, ఎదుట ఇద్దరు: బంతితో దూసుకొస్తున్న గార్డు, స్క్రీన్ వదిలేసి రింగు వైపు దిగుతున్న సెంటర్. డ్రాప్ అనే పద్ధతిలో మనవాడు స్క్రీన్ దాకా పోడు. ఫ్రీ త్రో (ఫౌల్‌కి బదులుగా అడ్డు లేకుండా వేసే షాట్) గీతకి కాస్త అటూ ఇటూగా ఆగి, వెనక్కి అడుగులేస్తూ, ఇద్దరిలో ఎవరికీ ‘నీకే వదిలేశాను’ అన్న ధైర్యం ఇవ్వకుండా నెట్టుకొస్తాడు. అతని పని ఆపడం కాదు, తన గార్డు వెనక్కి వచ్చేదాకా కాలక్షేపం చేయడం.

ముందుకి ఒక్క అడుగు తొందరపడితే తల మీదుగా లాబ్ పడుతుంది. జడిసి రింగు కిందికి పోయి నిలబడితే గార్డు తాపీగా ఫ్లోటర్ (పొడగరి చేతుల మీదుగా మెల్లగా ఎత్తి వేసే షాట్) వేసుకుంటాడు. చెడుగుడు ఆడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కూతకొచ్చినవాడి మీదికి ముందే దూకినవాడు ఔటవుతాడు, అవతలివాడు ఒక అడుగు ఎక్కువ వేసేదాకా ఓర్చుకున్నవాడికే పట్టు దొరుకుతుంది.

సరిగ్గా చేసేవాడి పాదాలు భుజాల కన్నా వెడల్పుగా ఉంటాయి. మోకాళ్లు వంగి, బరువు పాదాల ముందు భాగం మీద ఉంటుంది. అడుగులు చిన్నవి, ఒక కాలు ఇంకో కాలిని దాటదు. ఒక చెయ్యి బంతి వైపు కిందికి, రెండోది లాబ్ దారిలో పైకి. ఇక చెడ్డ అడుగు ఒకటుంది, దాన్ని పట్టుకోగలిగితే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే. నిటారుగా నిలబడ్డ కుర్రాడు గార్డు దగ్గరపడ్డాక ఉలిక్కిపడి, నడుం మొత్తం తిప్పేసి, రింగు వైపు పరుగు తీస్తాడు. నడుం తిరిగిన క్షణంలో గార్డు టక్కున ఆగిపోతాడు. మనవాడు మళ్లీ ఇటు తిరిగేసరికి బంతి గాల్లో ఉంటుంది. టీవీలో ఇది గార్డు గొప్ప షాట్ కొట్టినట్టు కనిపిస్తుంది, వ్యాఖ్యాత కూడా అతన్నే పొగుడుతాడు. మీ పుస్తకంలో మాత్రం పొడగరి ఖాతాలో రాసుకోండి.

ప్రతి పాఠం తర్వాతా మన దేశపు సెంటర్ సత్నాం సింగ్ గురించి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. 2015లో డాలస్ 52వ ఎంపికగా తీసుకుంది, ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు, ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. నా అంచనాలో అతనికి కాలం కలిసిరాలేదు. సరిగ్గా ఆట మూడు పాయింట్ల గీత దగ్గరికి జరుగుతున్న రోజుల్లో వచ్చాడు. పక్కలకి చురుగ్గా కదల్లేని పొడగరిని వెతికి మరీ ప్రతి స్క్రీన్‌లోకీ లాగి ఇబ్బంది పెట్టే రోజులవి.

బ్లాకుల లెక్క

బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే కొట్టెయ్యడం) అబద్ధమని అనను. 2023–24లో శాన్ ఆంటోనియో సెంటర్ విక్టర్ వెంబన్యామా మొదటి సీజన్లోనే మ్యాచ్‌కి 3.6 బ్లాకులతో లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు, అది నిజమైన బలమే. కానీ అలాంటివాణ్ణి అంచనా కట్టడానికి పాఠాలు ఎందుకండీ? మనకి చిక్కొచ్చేది మ్యాచ్‌కి ఒకటో ఒకటిన్నరో బ్లాకులున్నవాళ్లతో. అందులో ఎన్ని ప్రేక్షకుల్లోకి పోయాయి, ఎన్ని మన జట్టు చేతిలో పడ్డాయి? బయటికి కొట్టిన బ్లాక్‌తో బంతి మళ్లీ వాళ్లకే. ఒక బ్లాక్ కోసం ఎన్నిసార్లు ఊరికే ఎగిరి, తన మనిషిని వదిలేసి, వాళ్లకి రెండో అవకాశం ఇచ్చాడు? ఇది ఏ బాక్స్ స్కోరూ (మ్యాచ్ అంకెల పట్టిక) చెప్పదు.

నేను లెక్కపెట్టేది ఇంకోటి: వెనక్కి తిరిగిన గార్డులు. పెయింట్‌లోకి (రింగు ముందరి రంగు వేసిన చోటులోకి) వచ్చి, మనవాణ్ణి చూసి, షాట్ మానుకుని బంతి బయటికి వేసేసినవాళ్లు. ఒక క్వార్టర్లో ఇలాంటివి రెండు మూడు కనిపించాయంటే ఆ కుర్రాడు బ్లాక్ చేయకపోయినా పని చేస్తున్నట్టే.

ఎగిరినప్పుడు చేతులు ఎటు పోతున్నాయో కూడా గమనించండి. నిట్టనిలువుగా ఎగిరి చేతులు ఆకాశానికే ఉంచితే, మీద పడింది ఎదుటివాడే కాబట్టి ఫౌల్ ఉండదు. ఇండియానా సెంటర్ రాయ్ హిబర్ట్ 2012–14 మధ్య దీన్నే ఒక కళ చేసుకుని రెండుసార్లు ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికైనవాడు) అయ్యాడు. అదే హిబర్ట్‌ని 2014 ప్లేఆఫ్స్‌లో అట్లాంటా బయటికి లాగింది. వాళ్ల సెంటర్ పేరో ఆంటిచ్ మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడితే హిబర్ట్ రింగు వదల్లేడు, వదిలితే తిరిగి రాలేడు. 2017 తర్వాత లీగ్‌లో కనిపించలేదు. అందుకే మీ కుర్రాణ్ణి షూటర్లయిన సెంటర్ల మీద కనీసం ఒక మ్యాచ్ చూడకుండా ఏ మాటా అనకండి.

ఫౌళ్లకి ఒక కొలబద్ద

ఆటగాణ్ణి బయటికి పంపేది ఎన్‌బీఏలో 48 నిమిషాలకి ఆరు ఫౌళ్లు, మన దగ్గర నడిచే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో 40 నిమిషాలకి ఐదు. ఎలా చూసినా ఎనిమిది నిమిషాలకి ఒకటి. అంతకన్నా వేగంగా చేసేవాడు ఎంత ప్రతిభ ఉన్నా మ్యాచ్ పూర్తి చేయలేడు. జారెన్ జాక్సన్ 2018–19లో మెంఫిస్‌లో మొదటి సీజన్ 26 నిమిషాలకి సగటున 3.8 ఫౌళ్లు చేశాడు, అంటే ఏడు నిమిషాలకొకటి. అప్పుడు చాలామంది పెదవి విరిచారు. 2022–23లో అతనే లీగ్‌లో ఉత్తమ డిఫెండర్. ఫౌళ్లు పూర్తిగా పోయాయా అంటే పోలేదు.

కాబట్టి ఎన్ని అని కాదు, ఎలాంటివి అని రాసుకోండి. స్క్రీన్ పెట్టేటప్పుడు కదిలి చేసేది నెల రోజుల్లో మానిపించొచ్చు, దాన్ని పట్టించుకోకండి. సాయానికి వస్తూ ఒక క్షణం ఆలస్యమై చేసేది అనుభవంతో తగ్గుతుంది. అది మంచి ఫౌలే అంటాను, చూసి కదిలాడు కాబట్టి. పంప్ ఫేక్‌కి (షాట్ వేస్తున్నట్టు నటించడానికి) ప్రతిసారీ ఎగిరిపోవడం మాత్రం మొండి జబ్బు. నాలుగో క్వార్టర్లో కాళ్లు అరిగిపోయి చేత్తో చరిచేవి ఒంటి సత్తువకి సంబంధించినవి, వాటిని విడిగా రాయండి.

మన కోర్టుల్లో అభ్యాసం

టీవీ కన్నా కోర్టు పక్కన కూర్చుని చూడడం మంచిది. ఏయూ గ్రౌండ్స్‌లోనో, ఉక్కునగరంలోనో, మీ పిల్లల కాలేజీలోనో సాయంత్రం ఆట జరిగితే పోండి. మన దగ్గర ఓ అలవాటుంది, పొడుగ్గా కనిపించిన కుర్రాణ్ణి పట్టుకుని రింగు కింద నిలబెట్టేస్తారు, ఇక వాడు అక్కణ్ణించి కదలడు. ఫీబాలో అది చెల్లుతుంది. ఎన్‌బీఏలో 2001–02 నుంచి డిఫెండర్ ఎవర్నీ దగ్గరగా కాయకుండా పెయింట్‌లో మూడు సెకన్లకి మించి ఉంటే ఎదుటి జట్టుకి ఒక ఫ్రీ త్రో ఇస్తారు, బంతి కూడా వాళ్లదే. అంటే అక్కడి సెంటర్ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉండాలి. ఫీబా నిబంధనలే నడిచే యూరప్ నుంచి ఎన్‌బీఏకి వచ్చిన కుర్రాణ్ణి చూసేటప్పుడు కూడా ఈ తేడా గుర్తుంచుకోండి, యూరప్ ధైర్యంతో ఎన్‌బీఏలోనూ నిలబడిపోతుంటాడు.

ఇంకో మాట. సముద్రపు ఉక్కలో, సిమెంటు కోర్టు మీద, ఏప్రిల్ సాయంత్రం ఆడే పొడగరి పదో నిమిషానికే మోకాళ్లు వంచడం మానేస్తాడు. అతన్ని తిట్టుకోకండి. మీకు కావలసింది ఆ మార్పు ఎప్పుడొచ్చిందో గడియారం చూసి రాసుకోవడమే.

ఎన్నాళ్లు ఆగాలి?

2009లో రెండో ఎంపిక హషీమ్ థబీట్, ఏడడుగుల మూడంగుళాలు. 2013లో 27వ ఎంపిక రూడీ గోబేర్. ఇద్దర్నీ మొదటి ఏడాదే కింది లీగ్‌కి పంపారు. గోబేర్ ఆ సీజన్ 45 మ్యాచుల్లో సగటున పది నిమిషాల లోపే ఆడాడు, ఫ్రీ త్రోల్లో సగం కూడా పడలేదు. తర్వాత నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్: 2018, 2019, 2021, 2024. థబీట్ నిలదొక్కుకోలేకపోయాడు. కింది లీగ్‌కి పంపడమనేది ఏ సమాచారమూ ఇవ్వదని అందుకే అంటాను. మొదటి సీజన్ సగటులు కూడా అంతే. నా లెక్కలో చూడవలసింది నవంబర్లో వేసిన తప్పడుగు మార్చిలో కూడా వేస్తున్నాడా అన్నది. అందుకే రెండు మ్యాచులు చూడండి, నాలుగు నెలల ఎడంతో.

ఈ వారం ఇంటిపని

కుర్రాణ్ణి మార్చకండి, పాతవాణ్ణే ఉంచండి. రెండు క్వార్టర్లు చాలు. నోటుబుక్కులో ప్రతి పిక్ అండ్ రోల్‌కీ ఒక గీత గీసి పక్కన మూడు అక్షరాల్లో ఒకటి వేయండి. ఇద్దర్నీ పట్టి ఉంచితే ‘ప’, తొందరపడి ముందుకెళ్తే ‘ము’, నడుం తిప్పేస్తే ‘తి’. అడుగున వెనక్కి తిరిగిన గార్డుల సంఖ్య, ఫౌళ్లు ఏ రకమో. ఒక సెంటర్‌కి రెండు క్వార్టర్లలో పదీ పదిహేను గీతలు వస్తే సరిపోతుంది. స్విచ్ చేసిన (కాసేవాళ్లిద్దరూ తమ మనుషుల్ని మార్చుకున్న) చోట ఏమీ రాయకండి, దానికి వేరే పాఠం ఉంది. వచ్చే పాఠంలో అటాక్ వైపు వెళదాం, స్క్రీన్ పెట్టి దిగిన పొడగరికి మధ్యలో బంతి అందితే ఏం చేస్తాడన్నది. 2014లో 41వ ఎంపికగా వచ్చిన నికొలా యోకిచ్‌తో మొదలుపెడతాను. మీ కుర్రాడి ఫ్రీ త్రోలు కూడా వేసినవి, పడినవి రాసి ఉంచుకోండి, ఆరో పాఠంలో కావాలి.