చైనా నుంచి ఏరేటర్ గేర్‌బాక్సులు తెప్పించడం ఎలా?

ఆకివీడు, ఉండి, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరేటర్లు, అంటే నీళ్లను చిలికి ఆక్సిజన్ అందించే చక్రాల యంత్రాలు, తిరుగుతూనే ఉంటాయి. మోటారు కాలితే వైండింగ్ కట్టించి మళ్లీ బిగిస్తారు. గేర్‌బాక్సులో పళ్లు అరిగితే మాత్రం మార్చాల్సిందే. అందుకే విడిభాగాల దుకాణం నడిపేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు నేరుగా చైనా నుంచే తెప్పిద్దామనిపిస్తుంది. ఫోనులో కనిపించే ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరి ధర. మీ గోడౌన్లో దిగే ధర వేరు. ఆ రెండో ధర ఎంతో తేల్చుకున్నాకే అడ్వాన్సు సంగతి ఆలోచించాలి.

ముందు ఏవి వద్దో తేల్చుకోండి

ఏరేటర్ మొత్తం తెప్పించాలని మొదటిసారే పెట్టుకోవద్దు. తెప్ప, అంటే ఫ్లోటు, లోపలంతా గాలే. కంటైనర్ నిండా మీ సరుకే లేనప్పుడు నలుగురి సరుకుతో కలిపి ఎక్కిస్తారు. దాన్ని ఎల్‌సీఎల్ అంటారు. ఇందులో బాడుగను ఒక క్యూబిక్ మీటరుకో, 1,000 కిలోలకో, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. ఫ్లోట్లు తెప్పిస్తే డాలర్లు కట్టి గాలిని ఓడలో తెచ్చుకున్నట్టే. వాటిని మన దగ్గర కొనుక్కోవడమే మేలు.

మోటార్లకు ఇంకో చిక్కుంది. త్రీఫేజ్ ఇండక్షన్ మోటార్లు ఐఎస్ 12615 ప్రమాణం కింద నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులోకి వస్తాయి. అవతలి ఫ్యాక్టరీకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లైసెన్సు లేకపోతే సరుకు రేవులోనే ఆగిపోతుంది. ఏ వస్తువుకు బీఐఎస్ తప్పనిసరి అనే జాబితా తరచూ మారుతుంటుంది కాబట్టి ఆర్డరు పెట్టే వారంలో మళ్లీ చూసుకోండి. ప్రోబయోటిక్స్, రొయ్య పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా లాంటివి జీవ సంబంధమైన సరుకు. వాటికి ఓడెక్కకముందే కేంద్రం ఇచ్చే శానిటరీ పర్మిట్ చేతిలో ఉండాలి. కొత్తవాళ్లు వాటి జోలికి పోకపోవడం మంచిది.

గేర్‌బాక్సులు, వాటి లోపల ఉండే పళ్ల చక్రాల జతలు (క్రౌన్-పినియన్ సెట్లు) మొదటిసారికి అనువైనవి. బరువెక్కువ, చోటు తక్కువ. ఒక్కోటి పది కిలోలనుకుంటే వందకు ఒక టన్ను. బాగా సర్దితే రెండు క్యూబిక్ మీటర్లు దాటవు.

ఆర్డరులో నిష్పత్తి రాయకపోతే దెబ్బే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫ్యాక్టరీలు వేర్వేరు దేశాల మార్కెట్లకు సరుకు చేస్తాయి. తైవాన్‌లో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. 60 హెర్ట్జ్ మార్కెట్టుకు చేసిన గేర్‌బాక్సులు 1:16 నిష్పత్తితో (మోటారు 16 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు), 50 హెర్ట్జ్‌కు చేసినవి 1:14తో వస్తుంటాయి. మన మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. 1:14 బిగిస్తే చక్రం 103 చుట్లు తిరుగుతుంది, 1:16 బిగిస్తే 90 మాత్రమే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, బోల్టులు కూడా సరిపోతాయి. కానీ చక్రం నీళ్లను ఎత్తికొట్టడం తగ్గుతుంది, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. రైతు దుకాణానికి వచ్చి గేర్‌బాక్సు తిరుగుతోంది కానీ నురగ రావట్లేదంటాడు. అప్పటికి ఆ సరుకును వెనక్కి పంపే దారి ఉండదు.

కాబట్టి ఆర్డరు కాగితంలో ఇవన్నీ ఉండాలి: నిష్పత్తి 1:14, 50 హెర్ట్జ్, ఎన్ని హెచ్‌పీ మోటారుకు, మోటారు షాఫ్టు వ్యాసం, కీవే (షాఫ్టు మీది గాడి) వెడల్పు, ఫ్లాంజ్ (మోటారును బిగించే పళ్లెం) రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో, బయటి షాఫ్టు స్టెయిన్‌లెస్ గ్రేడు. ఉప్పునీటి చెరువుకు 316 అడగండి. 304 చౌకే గానీ ఉప్పునీటికి గుంటలు పడుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనని నమ్మొద్దు, 304 కూడా పెద్దగా అంటుకోదు. మెటీరియల్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

శాంపిల్ రెండు తెప్పించండి. ఒకటి విప్పి పళ్లు, బేరింగ్, ఆయిల్ సీలు చూసి, ఒక చెరువు మీద కనీసం నెల రోజులు నడిపించండి. రెండోదాన్ని విప్పకుండా, తేదీ రాసి దాచండి. రేపు వచ్చిన సరుకు తేడాగా ఉంటే చూపించడానికి అదే సాక్ష్యం. శాంపిల్ కొరియర్లో వచ్చినా డ్యూటీ ఉంటుంది. 'గిఫ్ట్ అని రాస్తాం, డ్యూటీ పడదు' అనే అమ్మకందారుకు వద్దని చెప్పండి. గిఫ్టు పేరుతో వచ్చే వాటికి ఉన్న పాత మినహాయింపును 2019 డిసెంబరులోనే తీసేశారు. పైగా అది తప్పుడు డిక్లరేషన్ కిందికి వస్తుంది.

మన వైపు కాగితాలు

ఐఈసీ, అంటే దిగుమతి-ఎగుమతి కోడ్, లేనిదే వ్యాపార సరుకు దిగదు. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) వెబ్‌సైటులో పాన్, చిరునామా రుజువు, క్యాన్సిల్ చేసిన చెక్కుతో దరఖాస్తు చేస్తే వస్తుంది. ఫీజు రూ.500. నంబరు మీ పాన్ నంబరే. ఒకసారి తీసుకుంటే చాలు గానీ, ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వెబ్‌సైటులోకి వెళ్లి వివరాలు సరిచూసి ధ్రువీకరించాలి, ఏమీ మారకపోయినా సరే. మరిచిపోతే నంబరు పనిచేయడం మానేస్తుంది. ఆ సంగతి సాధారణంగా సరుకు రేవులో దిగాకే బయటపడుతుంది.

కరెంటు ఖాతా ఉన్న బ్రాంచిలో విదేశీ మారకం పని చేస్తారో లేదో ముందే అడగండి. చిన్న ఊళ్ల బ్రాంచీలు చాలావరకు ఫైలును పెద్ద బ్రాంచికి పంపుతాయి, దానికి రోజులు పడతాయి. కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదు కూడా ఈలోపే చేయించుకోండి.

జీఎస్టీలో మీరు కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఒకే శాతం కట్టే పద్ధతి) ఉంటే ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. దిగుమతిపై కట్టే ఐజీఎస్టీ మామూలు డీలరుకు క్రెడిట్‌గా తిరిగొస్తుంది. కాంపొజిషన్ వాళ్లకు రాదు, అదంతా ఖర్చు కిందే పోతుంది. దిగుమతి చేసేది ధరలో మిగిలే లాభం కోసమైతే, ముందు పథకం మారడం గురించి మీ ఆడిటరుతో మాట్లాడండి.

హెచ్ఎస్ కోడ్

సరుకు ఏ రకమో చెప్పే ఎనిమిదంకెల ఈ కోడే డ్యూటీని నిర్ణయిస్తుంది. ఏరేటర్‌కు వాడేదైనా గేర్‌బాక్సు 8483లోకే పోతుంది. సుంకాల పట్టికలో యంత్ర విభాగానికి ఉన్న నోట్ ప్రకారం, ఏ భాగానికైతే 84 లేదా 85 అధ్యాయంలో సొంత శీర్షిక ఉందో అది ఆ శీర్షికలోకే వెళ్లాలి. బేరింగులు 8482. మొత్తం ఏరేటర్ అయితే 8436లో పడుతుందా, 8479లో పడుతుందా అన్న వాదన వస్తుంది. విడిభాగాలతో మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం. అమ్మకందారు ఇన్వాయిస్‌లో రాసిన కోడు చైనా ఎగుమతి కోసం, దాన్నే దించేయొద్దు. కస్టమ్స్ బ్రోకరుకు ఫోటో, డ్రాయింగ్ పంపి ఆయన చెప్పే కోడును, ఆ రోజు రేటును రాతపూర్వకంగా తీసుకోండి. అదే కోడు మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా దించే విదేశీ సరుకు మీద వేసే అదనపు సుంకం) ఉందో లేదో కూడా అడగండి.

డ్యూటీ లెక్క

డ్యూటీ వేసేది సరుకు ధర, ఓడ బాడుగ, ఇన్సూరెన్సు మూడూ కలిపిన విలువ మీద. ఇన్సూరెన్సు ఎంతో చూపించకపోతే ఎఫ్ఓబీ ధరలో (అవతలి రేవులో ఓడెక్కించేదాకా అయ్యే ధర) 1.125 శాతం, బాడుగ చూపించకపోతే ఏకంగా 20 శాతం కలిపేస్తారు. డాలరు రేటు మీ బ్యాంకుది కాదు, కస్టమ్స్ ప్రకటించినది.

లెక్క అర్థం కావడానికి డాలరు రూ.90, మూల సుంకం 7.5 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. అసలు రేట్లు మీ కోడును బట్టి ఉంటాయి.

సరుకు 5,000 డాలర్లు, బాడుగ 400, ఇన్సూరెన్సు 56.25. మొత్తం 5,456.25 డాలర్లు, అంటే రూ.4,91,063.
మూల సుంకం రూ.36,830.
దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి రూ.3,683.
ఈ మూడూ కలిపితే రూ.5,31,576. దాని మీద ఐజీఎస్టీ రూ.95,684.

రేవులో కట్టాల్సింది రూ.1,36,197. అందులో ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి అసలు ఖర్చు రూ.40,513. అయినా ఆ రూ.95,684 సరుకు అమ్ముడయ్యేదాకా మీ చేతి డబ్బే. బాడుగ బిల్లు సమయానికి ఇవ్వలేకపోతే 400 డాలర్ల చోట 1,000 వేస్తారు, సుంకం, సర్‌చార్జిలే రూ.4,455 పెరుగుతాయి. ఒక్క కాగితం ఖరీదు అది.

దీనికి సీఎఫ్ఎస్ (రేవు దగ్గర కంటైనర్లు విప్పి సరుకు ఉంచే గోడౌన్) చార్జీలు, డెలివరీ ఆర్డరు ఫీజు, బ్రోకరు ఫీజు, విశాఖ నుంచి లారీ, హమాలీ కలపాలి. కొద్ది సరుకుకు ఇవన్నీ కలిసి సుంకాన్ని మించిపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

డబ్బు పంపడం

మామూలుగా 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం సరుకు తయారయ్యాక. ఆ 70 పంపేముందు అక్కడే తనిఖీ సంస్థతో లెక్కపెట్టించి, రెండు మూడు గేర్‌బాక్సులు విప్పించి ఫోటోలు తీయించండి. ప్రోఫార్మా ఇన్వాయిస్ (అమ్మకందారు ముందుగా ఇచ్చే బిల్లు) ఇస్తే బ్యాంకు పంపుతుంది. డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ కోడ్ దిగుమతి అడ్వాన్సుకు ఎస్0101. ఖాతా పేరు, ఇన్వాయిస్ మీది కంపెనీ పేరు ఒకటే కావాలి.

'మా బ్యాంకు ఖాతా మారింది' అని మధ్యలో ఈమెయిల్ వస్తే ఆగిపోండి. మెయిల్ హ్యాక్ చేసి డబ్బు మళ్లించే మోసం ఇదే. మొదటి నుంచీ మాట్లాడిన నంబరుకు వీడియో కాల్ చేసి, ఖాతా నంబరు చదివించుకున్నాకే పంపండి. వెళ్లిన డబ్బు తిరిగి రావడం కష్టం.

ఓడ, బాడుగ

సీఐఎఫ్ ధర, అంటే బాడుగ, ఇన్సూరెన్సు కలిపి చెప్పే ధర, చౌకగా కనిపిస్తుంది. అక్కడి ఏజెంటు బాడుగ దాదాపు ఉచితమన్నట్టు చూపి, ఆ డబ్బు ఇక్కడి ఏజెంటు చేత మన దగ్గర రాబట్టిస్తాడు. ఎల్‌సీఎల్‌లో ఇది మరీ ఎక్కువ. ఎఫ్ఓబీకి కొని, ఫార్వర్డరును (సరుకు రవాణా చూసే ఏజెంటును) మీరే పెట్టుకోండి. క్యూబిక్ మీటరుకు ఇక్కడ పడే చార్జీలన్నీ ముందే రాయించుకోండి.

ఒకప్పుడు కోరంగిలో ఓడలు కట్టిన తీరం మనది. కాకినాడ రేవూ దగ్గరే. కానీ కంటైనర్ సరుకుకు మామూలుగా విశాఖ గానీ చెన్నై గానీ చూసుకోవాలి.

చెక్క పెట్టె, ప్యాలెట్ వాడితే ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఉండాలి. లేకపోతే రేవులో పొగబెట్టించాలి, జరిమానా కూడా పడుతుంది. గేర్‌బాక్సులను నూనె పోయకుండా, ఒక్కోదాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, తేమ పీల్చే పొట్లంతో పంపమనండి. నూనెతో వస్తే దారిలో కారి అట్టపెట్టెలన్నీ తడుస్తాయి. ఇన్సూరెన్సు సీఐఎఫ్ విలువకు 110 శాతం, మీ గోడౌన్ దాకా తీసుకోండి. రేవు దాకానే తీసుకుంటే, లారీలో పడే దెబ్బకు దిక్కుండదు.

విశాఖలో

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే రసీదు) మూడింటిలో బరువు, పెట్టెల సంఖ్య ఒకటే ఉండాలి. సరుకు ఓడెక్కకముందే వాటి డ్రాఫ్టులు తెప్పించుకుని బ్రోకరుకు చూపండి. వివరణలో 'మెషీన్ పార్ట్స్' అని ఊరుకోకూడదు, పేరు, నిష్పత్తి, మోడల్ నంబరు ఉండాలి. కస్టమ్స్‌కు మీరు వేసే దిగుమతి పత్రాన్ని, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీని, చూసే అధికారి విశాఖలోనే ఉండనక్కర్లేదు, వేరే ఊరి నుంచి ఆన్‌లైన్లో చూస్తారు. అర్థంకాని వివరణకు ప్రశ్న వస్తుంది, ప్రశ్న వస్తే రోజులు పోతాయి.

బిల్ ఆఫ్ ఎంట్రీని ఓడ వచ్చే ముందు రోజుకల్లా వేయాలి, 30 రోజుల ముందు నుంచీ వేయవచ్చు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు రూ.5,000, తర్వాత రోజుకు రూ.10,000. సుంకం తేల్చి తిరిగిచ్చిన బిల్లుకు సెలవులు పోను మర్నాటిలోగా డ్యూటీ కట్టాలి, లేదంటే ఏడాదికి 15 శాతం లెక్కన వడ్డీ పడుతుంది. సీఎఫ్ఎస్‌లో ఉచిత రోజులు కొన్నే. తర్వాత అద్దె నడుస్తూనే ఉంటుంది.

దుకాణంలో పెట్టెగా అమ్మే సరుకైతే దాని మీద మీ పేరు, చిరునామా, తయారైన దేశం, వస్తువు పేరు, సంఖ్య, నెల-సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదు నంబరు ఉన్న స్టిక్కరు ఉండాలి. చైనాలోనే అంటించి పంపమంటే పని తేలిక. దిగుమతి మొదలైన 90 రోజుల్లో తూనికలు కొలతల శాఖలో దిగుమతిదారుగా నమోదు కూడా చేసుకోవాలి.

ఎప్పుడు ఆర్డరు పెట్టాలి

వేసవి పంటకు సీడ్ వేసేవాళ్లు ఫిబ్రవరి, మార్చిలో ఏరేటర్లు సరిచూసుకుంటారు. సరిగ్గా అప్పుడే, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, చైనా కొత్త సంవత్సరానికి అక్కడి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. తయారీకి నెల, ఓడకు నెల, క్లియరెన్సుకు, లారీకి రెండు వారాలు, ఆలస్యాలకు ఇంకో రెండు వారాలు వేసుకోండి. మూడు నెలలు. అక్టోబరు మొదట్లో అడ్వాన్సు వెళ్తే జనవరి మొదట్లో సరుకు దిగుతుంది. శాంపిల్ పరీక్ష అంతకుముందే, ఆగస్టులోనే మొదలవ్వాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే రేవులో పని ఆగుతుంది కాబట్టి ఆ రెండు వారాలను తగ్గించుకోవద్దు.

సరుకు చేరాక బిల్ ఆఫ్ ఎంట్రీని బ్యాంకుకు ఇచ్చి, పంపిన అడ్వాన్సుకు జత చేయించండి. అది జత కాకుండా మిగిలిపోతే తర్వాతి అడ్వాన్సును బ్యాంకు ఆపవచ్చు. ఐజీఎస్టీ క్రెడిట్ జీఎస్టీఆర్-2బీలో (జీఎస్టీ పోర్టల్లో మీ క్రెడిట్ చూపే పట్టిక) కనబడిందో లేదో చూసుకోండి. కనబడకపోతే, బిల్ ఆఫ్ ఎంట్రీలో వేసిన జీఎస్టీ నంబరు తప్పేమోనని ముందు అక్కడే వెతకండి. కస్టమ్స్ కాగితాలు అయిదేళ్లు, జీఎస్టీ క్రెడిట్‌కు ఆధారమైనవి ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి ఆరేళ్లు దాచాలి.