కళ్ల మంటకు జలనేతి: మొదలుపెట్టే ముందు

జలనేతి అంటే ఒక ముక్కురంధ్రంలో ఉప్పునీళ్లు పోసి రెండోదాంట్లోంచి వదిలే యోగ పద్ధతి. ఎలర్జీతో ముక్కూ కళ్లూ కలిసి దురదపెట్టేవాళ్లకు ఇది కాస్త హాయినిస్తుంది. పొడి కళ్లకు ఇది మందు కాదు, డాక్టరు రాసిన చుక్కలు మానొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వద్దే వద్దు. నేగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణం దక్కడం చాలా అరుదు. ఫిల్టర్ నీళ్లయినా సరే, కనీసం 1 నిమిషం తెర్లనిచ్చి మూతపెట్టండి. చల్లారాక మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా తగలాలి.

- లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అయోడిన్ లేనిది. తగ్గినా మండుతుంది.
- జలనేతి పాత్ర (ముక్కులో నీళ్లు పోసే కొమ్ముచెంబు) శుభ్రంగా కడిగి, ఆరబెట్టారా?
- ముక్కు పూర్తిగా బిగిసినా, చెవిపోటున్నా ఆగండి. ఈమధ్య కంటికో ముక్కుకో ఆపరేషన్ అయితే డాక్టర్ని అడగందే వద్దు.
- ఆ నీళ్లతో కళ్లు కడగొద్దు.