ఏఐ సహాయకుడి జ్ఞాపకాలను తొలగించే పద్ధతి

కావలి దగ్గర కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువుల లెక్కలను ఏఐ సహాయకుడికి అప్పగించిన రైతు, కౌలు ముగిశాక ఆ వివరాలను తొలగించదలిస్తే, ముందుగా జ్ఞాపకాలు దాచిన ఫైలుకు నకలు తీసి పెట్టుకోవాలి.

సహాయకుడి జ్ఞాపకాలను ఫైలులో దాచే ప్రోగ్రాం అయిన ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) మెమరీ సర్వర్‌లో అవి ఎంటిటీ (చెరువు, వ్యాపారి లాంటి ఒక అంశం), రిలేషన్ (రెండు అంశాల మధ్య సంబంధం), అబ్జర్వేషన్ (ఒక అంశం కింద రాసుకున్న వివరం) అనే మూడు రూపాల్లో ఉంటాయి. మేత ధర ఒక్కటే మారితే ఆ అబ్జర్వేషన్‌ను మాత్రమే తీసివేయాలి. చెరువు అనే ఎంటిటీనే తొలగిస్తే, మేత వ్యాపారితోనూ కొనుగోలుదారుతోనూ దానికున్న రిలేషన్లు కూడా పోతాయి. అయితే ఆ వ్యాపారి ఎంటిటీ కింద రాసుకున్న చెరువు ప్రస్తావన మాత్రం అలాగే మిగిలిపోతుంది. పొరబాటు పడే చోటు ఇదే.

పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా సర్వర్ తప్పు చూపకుండా ఊరుకుంటుంది కనుక, పని ముగిశాక చెరువు సరైన పేరుతో మళ్లీ వెతికించి చూడాలి. ఏమీ దొరకకపోతే, ఇతరుల ఫోన్ నంబర్లున్న ఆ నకలును కూడా తప్పక తుడిచివేయాలి.