బండికి స్పీకర్లు బిగించే ముందు

సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లేలోపే బైకులో పాటలు మోగాలని ఉంటుంది. తొందరపడకండి, ముందు బ్యాటరీ సంగతి చూడండి.

- బ్యాటరీ 12 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ (అంటే లెక్కకు 5 ఆంపియర్లు గంటసేపు ఇచ్చేంత) అనుకుందాం. 40 వాట్ల యాంప్లిఫయర్ పూర్తి సౌండులో 3 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంజిన్ ఆపి గంటసేపు వింటే సెల్ఫ్ తిరగకపోవచ్చు. కిక్ లేని బండైతే అర్ధరాత్రి తోసుకుంటూ రావాలి, నిజంగా బాధ.

- బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. ఇంజిన్ ఆపినప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దగ్గర ఉండాలి. లేకపోతే ముందు ఛార్జింగ్ బాగు చేయించండి.

- వైరు నేరుగా బ్యాటరీకి కలిపితే బండి ఆపి తాళంచెవి తీసేసినా కరెంటు పోతూనే ఉంటుంది. మెకానిక్ "ఏం కాదండి" అన్నా ఒప్పుకోకండి, తాళంతో ఆగేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టించండి.

- ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు.

- బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు మైనస్ ముందు.