మంచు వాలు పాఠాలు – 3: కంటికి కోణం నేర్పడం

పోయిన పాఠంలో చెప్పుకున్న బీకన్ (మంచు కింద పడ్డవాళ్ల జాడ పట్టే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ), పార ఇంకా కొనకపోయినా ఫర్వాలేదు. వాలు ఎన్ని డిగ్రీలుందో చూపుతోనే అంచనా వేయడం నేర్చుకునే ఈ పాఠానికి పిల్లల కంపాస్ బాక్సులోని కోణమానిని, జానెడు దారం, చిన్న రాయి చాలు.

నల్లగొండలో ఉండి మంచు చరియల గొడవ మనకెందుకని కొందరు అడిగారు. మన భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఇప్పుడు మన పిల్లలు స్కీయింగ్ నేర్చుకోను గుల్‌మర్గ్ పోతున్నారు. మొదటిసారి గస్తీ సిబ్బంది కాపలా ఉన్న వాలులోనే ఆడతారు. రెండోసారికి అక్కడి అఫర్వాత్ కొండ పైనుంచి ఆ కాపలా హద్దు దాటి, ఎవరూ తొక్కని మంచులోకి దిగాలనిపిస్తుంది. నా భయమంతా ఆ రెండోసారి గురించే. 2023 ఫిబ్రవరి 1న ఆ కొండ మీదే చరియ విరిగి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు.

పలకలా విరిగే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో పుడతాయి, 38 దగ్గర మరీ ఎక్కువ. 30 లోపు అరుదు. 60 దాటితే మంచు పేరుకోదు, పడ్డది పడ్డట్టే రాలిపోతుంది. స్కీ మీద మజా వచ్చే వాలు కూడా ఆ 30–45 మధ్యదే. పైగా చరియలో చిక్కినవాళ్లలో చాలామంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్లే, లేదంటే వాళ్ల జట్టులోని మనిషే.

పలక ఎట్లా జారుతుందో ఇంట్లోనే చూడొచ్చు. చెక్క మీద గోనెసంచి బిగించి కట్టి, దాని మీద నాపరాయి ముక్క పెట్టి ఒక పక్క మెల్లగా లేపండి. చాలా ఎత్తు లేపేదాకా రాయి కదలదు. ఇప్పుడు రాయి కింద గుప్పెడు జొన్నలు పరిచి మళ్లీ లేపండి. కొంచెం లేపగానే మొత్తం ఒక్కసారి జారిపోతుంది. కొండ మీద ఆ జొన్నల పని చేసేది చలికి చక్కెరలా పొడిబారిన పాత మంచు పొర. దాని మీద గాలి తెచ్చి అదిమిన కొత్త మంచే నాపరాయి. పై నుంచి చూస్తే ఆ జొన్నలు కనబడవు. కాలు పెట్టగానే లోపల ధుమ్మని కుంగిన చప్పుడొచ్చినా, స్కీ ముందు నుంచి పగులు పాకినా జొన్నలు ఉన్నట్టే. అక్కడినుంచి వచ్చిన దారినే వెనక్కి మళ్లండి.

వడ్ల కుప్ప ఇట్లా కాదు. ఒక చోట గింజ కదిలి కిందికి పోతూ వెడల్పవుతుంది. వదులు మంచు అట్లా జారుతుంది. రెంటినీ ఒకటిగా అనుకోవద్దు.

ఇక కొలత. కోణమానిని మధ్య రంధ్రానికి దారం కట్టి, చివర రాయి వేలాడదీయండి. తిన్నని అంచును కంటి దగ్గర పెట్టి లతీఫ్ సాబ్ గుట్ట శిఖరం వైపు గురిచూడండి. అంచు సమంగా ఉంటే దారం 90 మీద ఉంటుంది. 55 మీద పడితే వాలు 35, అంటే 90 లోంచి తీసేయాలి. ఇది కింది నుంచి పైదాకా సగటు మాత్రమే, మధ్యలో అంతకంటే నిటారు ముక్కలు ఉండొచ్చు. ఫోన్‌లోనూ కోణం కొలిచే యాప్‌లున్నాయి గానీ చలికి బ్యాటరీ పడిపోతుంది. బీకన్ వేసుకున్నప్పుడు ఫోన్ దానికి కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి.

ముందు ఊహించి రాసుకోండి, తర్వాతే కొలవండి. నేను మొదటిసారి మబ్బు వెలుతురులో 25 అనుకున్న వాలు కొలిస్తే 34 వచ్చింది. మా గైడు మాట్లాడకుండా దారి మార్చాడు.

ఇంకొకటి. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉందని ధీమా వద్దు. పైన 38 డిగ్రీల వాలుంటే కింద ఉన్నవాళ్ల మీదికే వస్తుంది. టీ తాగను ఆగేముందు తలెత్తి పైకి చూడండి.

ఈ వారం పది వాలులు కొలవండి: గుట్ట, చెరువు కట్ట, వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కుప్ప, మేడ మెట్లు. మీ ఊహకూ కొలతకూ తేడా 3 డిగ్రీల లోపుకు వచ్చేదాకా ఆపొద్దు. నాలుగో పాఠం బీకన్‌తో వెతకడం. దానికి ఇంకో మనిషి తోడు కావాలి, ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.