చేతిసంచి సర్దుకోవడం – మూడో పాఠం: పోపుల డబ్బా పద్ధతి

మొదటి పాఠంలో సంచిని దుప్పటి మీద బోర్లించి, అందులో ఉన్నవన్నీ కాగితం మీద రాసుకున్నాం. రెండో పాఠంలో నెల రోజులుగా ముట్టుకోనివి, పాత రసీదులు, రాయని పెన్నులు, ఒకటి చాలినచోట మూడున్న దువ్వెనలు తీసి పక్కన పెట్టాం. ఆ రెండూ చేసినవాళ్ల దగ్గర ఇప్పుడు పదిహేనో ఇరవయ్యో వస్తువులు మిగిలి ఉంటాయి. చెయ్యనివాళ్లు ముందు అవి పూర్తి చేసి రండి. కిక్కిరిసిన సంచితో ఈ పాఠం సాగదు.

ఈ రోజు పని, మిగిలిన ప్రతి వస్తువుకీ ఒక చోటు కేటాయించడం.

వంటింట్లో పోపుల డబ్బాను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. స్టీలు డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు. ఏ గిన్నె మీదా పేరు రాసి ఉండదు. నూనె కాగాక మనకుండే సమయం చాలా కొద్ది. అయినా అప్పుడు ఎవరూ ఆవాల కోసం వెతకరు. చూపు మూకుడు మీదే ఉంటుంది, చెయ్యి వెళ్లి ఆవాలు తెస్తుంది. పెళ్లయిన కొత్తలో మా అత్తగారి డబ్బాలో జీలకర్ర ఉండాల్సిన చోట మెంతులు ఉండేవి. రెండుసార్లు చారు చేదెక్కాక నాకు అర్థమైంది, నా చేతికి మా అమ్మ డబ్బా అలవాటు, ఈ డబ్బా ఇంకా కాలేదని. పదిహేను రోజులకి అదీ అలవాటైంది. ఎందుకంటే అత్తయ్య ఏ గిన్నెనూ ఎప్పుడూ చోటు మార్చలేదు.

సంచిలో కూడా మనకు కావాల్సింది ఆ అలవాటే. వస్తువు ఎక్కడుందో మీరు గుర్తు పెట్టుకోనక్కర్లేదు, చేతికి తెలిస్తే చాలు.

ఇక సర్దడం మొదలుపెడదాం. చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. కార్డులన్నీ ఒకచోట, కాగితాలన్నీ ఒకచోట, ఛార్జరు, ఇయర్‌ఫోన్లు ఒకచోట పెడతారు. చూడటానికి బాగుంటుంది కానీ రెండు రోజుల్లో చెదిరిపోతుంది. మెట్రో కార్డూ పాన్ కార్డూ రెండూ కార్డులే. మొదటిది రోజుకు నాలుగుసార్లు కావాలి, రెండోది ఏడాదికి నాలుగుసార్లు కూడా అక్కర్లేదు. వాటిని పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు. అందుకే వస్తువులను రకాన్ని బట్టి కాకుండా, తీసేటప్పుడు మీరు ఎలా ఉంటారో దాన్ని బట్టి విడదీయండి. నిలబడి తీసేవి, కూర్చుని తీసేవి, అవసరం పడితేనే తీసేవి. మీ పట్టికలో ప్రతి వస్తువు పక్కనా ని, కూ, అ అని ఒక్కో అక్షరం రాయండి. పది నిమిషాల పని.

నిలబడి తీసేవంటే నూనె కాగినప్పటి ఆవాల్లాంటివి. వెనక జనం ఉంటారు, ఒక చేతిలో ఇంకేదో ఉంటుంది, టైం ఉండదు. నా దారే చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం వెళతాను. స్టేషన్‌లో ముందు సంచి ఎక్స్‌రే యంత్రంలోకి వెళుతుంది, నేను తనిఖీ దాటి అవతల అందుకోవాలి, వెంటనే గేటు దగ్గర కార్డు ఆనించాలి. దిగినచోట మళ్లీ ఆనించాలి. పొద్దున రెండు, సాయంత్రం రెండు, మొత్తం నాలుగుసార్లు. ఒకప్పుడు ఈ కార్డు పర్సులో ఉండేది, పర్సు సంచి అడుగున ఉండేది. గేటు ముందు ఆగి, మోకాలి మీద సంచి పెట్టుకుని వెతుకుతుంటే వెనకవాళ్లు పక్క గేటుకి మళ్లేవారు. రోజంతా అదో టెన్షన్. ఇప్పుడు సంచికి వెనక వైపు, అంటే ఒంటికి ఆనుకుని ఉండే వైపు, జిప్పు అరలో ఆ కార్డు ఒక్కటే ఉంటుంది. బయటివాళ్ల చెయ్యి అక్కడికి రాదు, నా కుడి చెయ్యి మాత్రం నేరుగా వెళుతుంది.

కార్డు ఒక్కటే అని ఊరికే అనలేదు. మెట్రో కార్డునీ, ఆనిస్తే డబ్బు కట్టగల బ్యాంకు కార్డునీ ఒకే పర్సులో పెట్టి పర్సు మొత్తం గేటుకి ఆనిస్తే, యంత్రానికి రెండు కార్డులూ ఒకేసారి తగిలి ఏదీ సరిగా చదవలేకపోవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. 2021 జనవరి నుంచి అలాంటి బ్యాంకు కార్డులతో 5,000 రూపాయల వరకు పిన్ లేకుండానే చెల్లించవచ్చు. అంత సులువుగా డబ్బు పోగల కార్డుకి సంచి పై అరలో పని లేదు. అది లోపలికి, కూర్చుని తీసేవాటిలోకి వెళ్లాలి.

బస్సులో వెళ్లే ఆడవాళ్లకి నిలబడి తీసే వస్తువు ఒకటి కొత్తగా చేరింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి అనే ఉచిత బస్సు ప్రయాణ పథకాలు మొదలయ్యాక గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటున్నాం. అంతకుముందు బీరువాలో ఉండే ఆధార్ కార్డు ఇప్పుడు రోజూ మనతో బస్సు ఎక్కుతోంది. అది గేటుకి ఆనించే రకం కార్డు కాదు కాబట్టి దాన్ని కూడా వెనక అరలోనే, ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. కండక్టర్ ఇచ్చిన టికెట్ అదే కవరులోకి వెళ్లాలి. చెకింగ్‌వాళ్లు ఎక్కితే రెండూ ఒకేసారి చేతికొస్తాయి. దిగగానే పాత టికెట్ తీసెయ్యండి, లేకపోతే వారానికి ఆ కవరు టికెట్లతో ఉబ్బిపోతుంది.

ఇంటి తాళంచెవి కూడా నిలబడి తీసేదే, అదీ చాలాసార్లు చీకట్లో. దానికి అర ఇవ్వకండి, తాడు ఇవ్వండి. పాతకాలంలో పెట్టె తాళంచెవిని మొలతాడుకి కట్టుకునేవారు. అలాగే సంచి లోపల కుట్టు దగ్గరున్న రింగుకి గట్టి తాడు కట్టి, రెండో కొసకి తాళంచెవి తగిలించండి. సంచి భుజాన ఉండగానే చెవి తాళం దాకా అందాలి. పొట్టి తాడు కడితే గుమ్మం ముందు వంగాల్సి వస్తుంది, కాబట్టి కట్టే ముందు తలుపు దగ్గర నిలబడి కొలుచుకోండి. సంచిలో రింగు లేకపోతే టైలర్ దగ్గర ఒకటి కుట్టించుకోండి. ఇన్నేళ్లలో నేను చేసిన మార్పులన్నిటిలో నాకు ఎక్కువ నెమ్మదినిచ్చింది ఈ తాడే.

ఇప్పుడు కలిసి ఉండకూడని వస్తువుల గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం రద్దీ బస్సులో నా పర్సు పోయింది. అందులో లైసెన్సు, బండి ఆర్‌సీ, ఆధార్, పాన్, రెండు ఏటీఎం కార్డులు, ఆ నెల పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు ఉన్నాయి. డబ్బు గురించి రెండు రోజుల్లో మరిచిపోయాను. కార్డులన్నీ మళ్లీ తెచ్చుకోవడానికి మాత్రం రెండు నెలలు తిరిగాను. ఒక కార్డు కోసం వెళితే ఇంకో కార్డు చూపించమనేవారు, అది కూడా పోయిందాయె. అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. సంతకి వెళ్లేటప్పుడు చిల్లర కొంగున ముడి వేసుకునేది, నోట్లు రొంటిన దోపుకునేది. బేరం ఆడేటప్పుడు ముడి మాత్రమే విప్పేది. ఉన్నదంతా ఒక్కచోట పెట్టడం ఆమెకు అలవాటు లేదు.

మీరూ పర్సును రెండుగా విడగొట్టండి. రోజు ఖర్చుకి సరిపడా చిల్లర, చిన్న నోట్లు ఒక చిన్న పర్సులో, పైన. బ్యాంకు కార్డు, మడిచిన ఒక 500 నోటు వేరేగా, లోపలి జిప్పులో. ఆ నోటు ఆపద కోసం పెట్టినది, కూరగాయల దగ్గర తీయకూడదు. తీస్తే ఆ రోజే తిరిగి పెట్టాలి.

లైసెన్సు, ఆర్‌సీ అసలు కార్డులు సంచిలోంచి తీసెయ్యవచ్చు. ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్నవాటిని అసలు పత్రాలతో సమానంగా చూడాలని కేంద్రం 2018లోనే చెప్పింది. ఫోన్‌లో ఛార్జింగ్ ఉండాలి, అంతే. పాన్ కార్డు ఇంట్లోనే ఉంచండి. లాడ్జిలోనో ఇంకెక్కడో ఆధార్ కాపీ అడుగుతారనుకుంటే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు ఒకటి పెట్టుకోండి. అందులో 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి.

ఇంకో కాగితం ఇంట్లో ఉండాలి, సంచిలో కాదు. ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. అది, బ్యాంకు కార్డు బ్లాక్ చేయించే ఫోన్ నంబరు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930, ఈ మూడూ రాసి బీరువా తలుపు లోపల అంటించండి. ఫోన్ పోతే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో దాన్ని దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచెయ్యకుండా బ్లాక్ చేయించవచ్చు, 2023 మే నుంచి దేశమంతటికీ ఈ వీలుంది. కానీ పోయిన ఫోన్‌లోనే ఐఎంఈఐ రాసిపెట్టుకుంటే ఏం లాభం?

ఇక సంచి అడుగు. హ్యాండ్‌బ్యాగుల్లో చాలావాటికి లోపల ఒకే పెద్ద గొయ్యి ఉంటుంది. అందులో వేసినవన్నీ నడిచే కొద్దీ కిందికి జారతాయి. దీనికి మందు చిన్న సంచులు. మూడు చాలు, ఐదారు పెడితే మళ్లీ వెతుకులాటే. మందులకొకటి, శానిటరీ ప్యాడ్లు, టిష్యూలు, దువ్వెనకొకటి, ఛార్జరు, ఇయర్‌ఫోన్లు, పవర్ బ్యాంకుకొకటి. మూడూ వేర్వేరు రంగుల్లో కొంటారు చాలామంది. సంచిలో చెయ్యి పెట్టినప్పుడు చెయ్యి రంగు చూడలేదు. బట్టలో తేడా ఉండాలి. నావి ఒకటి మెత్తటి నూలుది, ఒకటి గరుకు జనపనారది, ఒకటి జిప్పున్న రెక్సిన్‌ది. మొదటిది మిగిలిన జాకెట్టు ముక్కతో ఇంట్లోనే కుట్టాను, నాయనమ్మ ఆకువక్కల సంచికి ఉండేట్టు మూతికి లాగే తాడు పెట్టి. పెళ్లికి వేరే బ్యాగు తీసుకెళ్లాల్సి వస్తే ఈ మూడూ ఎత్తి అందులో పెడితే సర్దడం అయిపోయినట్టే.

మందుల సంచిలో మాత్రలు విడిగా వెయ్యకండి. స్ట్రిప్‌తోనే ఉంచండి, కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న వైపు మిగిలేలా చూడండి. విమానం ఎక్కే పని ఉంటే పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, చెక్‌ఇన్ సామానులో వెయ్యకూడదు. పెన్నుకి లోపలి అంచున, నిబ్బు పైకి ఉండేలా.

మగవాళ్ల జేబుల గురించి రెండు మాటలు. మా ఆయన పర్సు ఎప్పుడూ ప్యాంటు వెనక జేబులో ఉండేది. రోజంతా ఆఫీసులో దాని మీదే కూర్చునేవారు. ఒక వైపు ఎత్తుగా కూర్చుంటే తుంటి దగ్గర నరం నొక్కుకుని నొప్పి కాలిలోకి దిగవచ్చు, పైగా రద్దీలో దొంగకి అందే జేబు కూడా అదే. పర్సును పలచన చేసి ముందు జేబులోకి మార్చుకోమని చెప్పాను. ఫోన్ కుడి ముందు జేబు, పర్సు ఎడమ ముందు జేబు, జేబురుమాలు ఒక్కటే వెనక. తాళంచెవులు ఫోన్‌తో కలిపి వేస్తే తెర మీద గీతలు పడతాయి. చొక్కా జేబులో ఫోన్ వద్దు, వంగితే జారిపోతుంది. చొక్కా జేబుకి పెన్నూ బస్ పాసూ చాలు.

ఇక సాధన. చోట్లన్నీ కేటాయించాక, పట్టికలో ప్రతి వస్తువు ఎదురుగా దాని చోటు రాయండి. తర్వాత సంచి భుజాన వేసుకుని, నిలబడి, కళ్లు మూసుకోండి. ఇంట్లో ఎవరినైనా పట్టిక చూసి ఒక్కో పేరు చెప్పమనండి. మా ఇంట్లో ఈ పని మా అబ్బాయిది, వాడికిది ఆట. పేరు వినగానే ఐదు లెక్కపెట్టేలోగా వస్తువు బయటికి రావాలి. నిలబడి తీసేవాటికి మూడు అంకెలే. తీసిన వస్తువును కళ్లు మూసుకునే తిరిగి పెట్టాలి, దీన్ని వదలకండి. తీయడం అందరికీ త్వరగా వస్తుంది, తిరిగి అదే చోట పెట్టడమే కష్టం.

రోజుకు ఒకసారి, ఏడు రోజులు చెయ్యండి. ఈ వారంలో ఏ వస్తువు చోటూ మార్చకండి, నచ్చకపోయినా సరే. వారం చివర ఏదైనా వస్తువు మూడుసార్లు దొరక్కపోయి ఉంటే, మీ మతిమరుపును తిట్టుకోకండి. దానికి ఇచ్చిన చోటు బాగాలేదు, మార్చండి. నాకు గొడుగు విషయంలో అలాగే జరిగింది. లోపల పెట్టుకుంటే చినుకులు పడ్డాక సంచంతా తెరవాల్సి వచ్చేది. ఇప్పుడది సంచికి బయట, ఎడమ పక్క కొక్కేనికి వేలాడుతుంది.

రాత్రి ఇంటికి రాగానే సంచిని మంచం మీద పడెయ్యకుండా గుమ్మం పక్క మేకుకి తగిలించి, ఆ రోజు తీసినవన్నీ తిరిగి వాటి చోట్లలో ఉన్నాయో లేదో రెండు నిమిషాలు చూడండి. చిన్న పర్సులో చిల్లర నింపండి. ఆపద నోటు ఉందో లేదో చూడండి.

వచ్చే పాఠం బరువు గురించి: నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, లాప్‌టాప్ ఉన్న రోజు సంచి ఎలా సర్దాలి, భుజం నొప్పి రాకుండా ఎటు వెయ్యాలి. అప్పటికి మీ సంచిని నిండుగా ఒకసారి, నీళ్ల సీసా తీసేసి ఒకసారి తూచి, రెండు అంకెలూ ఈ పట్టిక కిందే రాసి ఉంచండి. ఇంట్లో త్రాసు లేకపోతే కిరాణా కొట్లో అడిగితే తూచి చెబుతారు.