తుంటికి సీటీ స్కాన్ రాశారా? టేబుల్ ఎక్కించే ముందు ఇవి తెలుసుకోండి

గుంటూరు కొత్తపేటలో సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. తుంటి స్కాన్‌కి మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. బాత్‌రూమ్‌లో జారిపడ్డవాళ్లు, నరసరావుపేట, సత్తెనపల్లి వైపు నుంచి యాక్సిడెంటై అంబులెన్సులో వచ్చినవాళ్లు, కీలు మార్పిడికి ముందు కొలతల కోసం వచ్చినవాళ్లు. అందరికీ స్కాన్ అంటేనే టెన్షన్. స్కాన్‌లో నొప్పి ఏమీ ఉండదు. ఎముక విరిగినవాళ్లకి నొప్పంతా స్ట్రెచర్ మీంచి స్కాన్ టేబుల్ మీదికి మార్చే ఆ కాసేపట్లోనే. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

తుంటి విరిగిన మనిషిని చంకల్లో చేతులు పెట్టి, కాళ్లు పట్టుకుని ఎత్తకండి. కొడుకులు, అల్లుళ్లు ఆత్రంగా అలాగే ఎత్తబోతారు. ఎంత ప్రేమగా ఎత్తినా లోపల విరిగిన ముక్కలు కదులుతాయి. మనిషి కింద గట్టి దుప్పటి ఒకటి ఉండాలి. నలుగురు దాని అంచులు చుట్టి బిగించి పట్టుకుని, ఒళ్లంతా ఒకే చెక్కలా కదిలేలా జరపాలి. ఎత్తడం కాదు, జరపడం. ‘ఒకటి, రెండు, మూడు’ అనేది ఒక్కరే అనాలి, మిగతావాళ్లు ఆ మాట కోసం ఆగాలి. మా స్టాఫ్ ఎలాగూ ఉంటారు, అయినా ఇంటివాళ్లకి కూడా ఇది తెలిసుంటే పేషెంటు అరుపు సగం తగ్గుతుంది. కాలికి ట్రాక్షన్ బరువు (విరిగిన కాలిని లాగి పట్టి ఉంచేది) కట్టి ఉంటే మీరుగా విప్పొద్దు, వార్డులో నర్సుని అడిగి రండి. యూరిన్ బ్యాగు ఉంటే దాని గొట్టం ఎక్కడా తట్టుకోకుండా ఒకరు చూసుకోవాలి.

ఇంకొక్క మాట. వార్డు నుంచి బయల్దేరే ముందే, ‘నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారా?’ అని డ్యూటీ డాక్టర్ని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. నొప్పి తగ్గితే పేషెంటు కదలకుండా పడుకోగలుగుతారు, కదలకపోతేనే బొమ్మలు స్పష్టంగా వస్తాయి.

బట్టల విషయం. నడుము నుంచి తొడ మధ్య వరకు లోహం ఉండకూడదు. బెల్టు, జిప్పు, జేబులో చిల్లర, తాళాలు, పిన్నీసులు తీసేయాలి. మగవాళ్లు మర్చిపోయేది మొలతాడు. నల్లతాడు మాత్రమే అయితే ఇబ్బంది లేదు, వెండిదైనా, దానికి తాయెత్తు ఉన్నా తీయాల్సిందే. ఆడవాళ్లు లోపలికి రాగానే మెడలో పుస్తెలు పట్టుకుని భయంగా చూస్తారు. తుంటి స్కాన్‌లో మెడ రాదు కాబట్టి సాధారణంగా వాటిని తీయించాల్సిన పనే లేదు. ఎవరైనా తీయమంటే ఎందుకో అడగండి.

స్కాన్‌కి ముందు ఒంటికి వెళ్లి రండి. చీటీలో కుడి తుంటా, ఎడమ తుంటా, రెండూనా అన్నది మీరూ ఒకసారి చదవండి. గర్భం ఉన్నా, నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి, ఇది సిగ్గుపడే విషయం కాదు.

చాలామంది సీటీని ఎమ్మారైతో కలిపేసుకుంటారు. ఇది పొడవాటి గొట్టం కాదు, వెడల్పాటి చక్రం. టేబుల్ దాని మధ్యలోంచి జరుగుతుంది, తుంటి స్కాన్‌లో తల చాలావరకు బయటే ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, వీలైతే కాలి బొటనవేళ్లు రెండూ లోపలికి తిప్పి టేపు వేస్తాం. అలా తిప్పితే తొడ ఎముక మెడ భాగం బాగా కనపడుతుంది. విరిగిన కాలైతే ఎలా ఉంటే అలాగే వదిలేస్తాం. అసలు స్కాన్ నిమిషంలోపే, ఏర్పాట్లన్నీ కలిపితే పావుగంట, ఇరవై నిమిషాలు. మెషీన్ కోసం గది చల్లగా ఉంచుతాం. మొన్న ఒక మామ్మగారిని ‘కాలు కదిలించకండమ్మా’ అంటే, ‘నేను కదిలించట్లేదు నాయనా, అదే వణుకుతోంది’ అన్నారు. అది చలి వణుకు. ఎండాకాలమైనా పెద్దవాళ్లకి ఒక దుప్పటి తెచ్చుకోండి, పైన కప్పే స్కాన్ చేస్తాం.

ఎముక విరిగిందా అని చూడ్డానికి, ఆపరేషన్ కొలతలకి మామూలుగా డై ఇంజెక్షన్ (రక్తనాళాలు, గడ్డలు బొమ్మలో స్పష్టంగా కనపడ్డానికి నరంలోకి ఎక్కించే మందు) అక్కర్లేదు, ఉపవాసమూ అక్కర్లేదు. చీము, గడ్డ, రక్తనాళాల గురించి అనుమానం ఉంటేనే డై ఇస్తారు. అప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు అడుగుతాం, ఎన్ని గంటల ముందు తినడం ఆపాలో చెబుతాం. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వెచ్చబడుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, మూత్రం పోయినట్టే అనిపిస్తుంది. పోదు, కంగారుపడకండి. దురద, దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే గట్టిగా చెప్పండి, మైకులో మాకు వినపడుతుంది. మునుపు ఎప్పుడైనా డై పడకపోయి ఉంటే అది అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన సంగతి. ‘రొయ్యలు పడవు, ఇదీ పడదేమో’ అని అడుగుతుంటారు. రొయ్యల ఎలర్జీకి, ఈ మందుకి ప్రత్యేకమైన సంబంధం లేదు. అయినా ఏ ఎలర్జీ ఉన్నా చెప్పడమే మంచిది. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు. కిడ్నీల పనితీరు బాగా తగ్గినవాళ్లకి డాక్టరే 48 గంటలు ఆపించి, రక్తపరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టిస్తారు.

పాత ఆపరేషన్‌లో వేసిన రాడ్డు, ప్లేటు, కృత్రిమ కీలు ఉన్నా సీటీ చేయొచ్చు. లోహం చుట్టూ బొమ్మలో చారలు పడతాయి, తగ్గించే పద్ధతులున్నాయి, అందుకే ముందే చెప్పాలి. పాత ఎక్స్‌రేలు తీసుకురండి.

రేడియేషన్ గురించి భయపడేవాళ్లకి ఒక లెక్క. పెల్విస్ (తుంటి, కటి భాగం) సీటీలో సుమారు 6 మిల్లీసీవర్టులు పడుతుంది, మిల్లీసీవర్టు అంటే ఒంటికి తగిలే రేడియేషన్‌కి కొలమానం. ఏమీ చేయకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతూనే ఉంటుంది. అంటే రెండున్నరేళ్లది ఒక్కసారిగా పడుతుందన్నమాట. అవసరమున్నవాళ్లు దీనికి వెనకాడక్కర్లేదు, అవసరం లేకుండా ‘ఒకసారి తీయించేద్దాం’ అనుకోవడమే తప్పు. స్కాన్ అయ్యాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, మనవళ్లని ఎత్తుకోవచ్చు.

డబ్బు కట్టే ముందు, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆసుపత్రిలో చేరి ఉంటే అక్కడి హెల్ప్ డెస్క్‌లో అడిగి రండి. ఫిల్ములతో పాటు సీడీ తప్పకుండా తీసుకోండి. స్కాన్ ఇక్కడ తీయించి, ఆపరేషన్‌కి విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు చాలామంది. ఆయన ఎముకని అన్నివైపులా తిప్పి చూసుకోవాలంటే సీడీయే కావాలి. ఫిల్ములని ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, వేడికి నల్లబడతాయి.

జారిపడ్డ పెద్దావిడకి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, సీటీలోనూ లేదన్నారు, అయినా ఆ కాలు మీద బరువు వేయలేకపోతున్నారు అనుకోండి. ‘ఏం లేదన్నారుగా, లేచి నడవమ్మా’ అని బలవంతం చేయకండి. సన్నటి పగుళ్లు కొన్ని సీటీకీ దొరకవు, ఎమ్మారైలో దొరుకుతాయి. మంచం మీదే ఉంచి, ‘ఎమ్మారై అవసరమా?’ అని ఎముకల డాక్టర్ని ఆ రోజే అడగండి.